చెవిటి ఇన్‌స్పెక్టర్ నూట పన్నెండో కేసు

చల్లటి అరచేతులు.

సాయంత్రం ఆరింటికి, వెనకనుంచి చప్పుడు కాకుండా వచ్చి, రెండు చెంపల మీదా ఒక్కసారిగా. ఒళ్ళు ఝల్లుమనేది. చెల్లెలు కెవ్వుమనేది. అక్క పకపకా నవ్వేది.

అక్కది మంచు ఉద్యోగం. చెల్లెలిది ఆవిరి ఉద్యోగం.

అక్క కోల్డ్ స్టోరేజీలో మంచు కట్టిన పళ్ళ పెట్టెలు లెక్కబెట్టేది. సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. చెల్లెలు లాండ్రీలో ఇస్త్రీ మిషను ముందు నిలబడి హోటళ్ళ దుప్పట్లు మడతపెట్టేది. ఒకామె గడ్డకట్టి ఇంటికి వచ్చేది, ఒకామె ఉడికి వచ్చేది. ఇద్దరూ ఒకే మంచం మీద వాలి, ఒకే పుస్తకం పట్టుకునేవారు.

పట్టుకోవడం దగ్గరే తగాదా. అక్క కళ్ళు పరిగెడతాయి, చెల్లెలి కళ్ళు నడుస్తాయి. పేజీ తిప్పే చోట రోజూ జుట్టూ జుట్టూ పట్టుకునేవారు.

అందుకే చించారు.

కొన్న గంటలోనే, మోకాలి మీద పెట్టి, వెన్ను దగ్గర రెండుగా. మొదటి సగం అక్క చదివి చెల్లెలికి ఇస్తుంది. చెల్లెలు అందులో ఉండగా అక్క రెండో సగంలోకి వెళ్ళిపోతుంది. ఎప్పుడూ అరపుస్తకం ముందు… ఎప్పుడూ.

"ఎవరు చంపారో చెప్పకే అక్కా. చెప్పావంటే నీతో మాట్లాడను."

"చెప్పనులే. కానీ ఆ వంటమనిషి మీద ఓ కన్నేసి ఉంచు."

అది అబద్ధం. వంటమనిషి ఏ పుస్తకంలోనూ ఎవరినీ చంపిన పాపాన పోలేదు.

చెవిటి ఇన్‌స్పెక్టర్.

ఏడాదికి నాలుగు పుస్తకాలు, ఇరవై ఎనిమిదేళ్ళుగా. అక్క పుట్టిన ఏడే మొదటిది వచ్చింది. అక్క అతన్ని "మన చెవిటి మామయ్య" అనేది, ఎప్పుడో ఒకరోజు సంచీ పట్టుకుని ఇంటికి దిగుతాడన్నట్టు.

అతనికి ఎడమ చెవి పేలుడులో పోయింది. బతికున్నవాళ్ళ మాట ఆ చెవికి చేరదు. చచ్చిపోయినవాళ్ళ మాట చేరుతుంది. ముందు గది చల్లబడుతుంది. కిటికీ అద్దం మీద పొగమంచు కమ్ముతుంది. తడి పాదాలతో ఎవరో వచ్చి నిలబడతారు. అతను టోపీ తీసి, తల కాస్త తిప్పి, ప్రతి పుస్తకంలోనూ అదే మాట అంటాడు — "తొందరేం లేదు. చెప్పండి, వింటున్నాను."

ఆ మాట కోసమే చదివేవారు. ఆ ఒక్క మాట కోసం.

అన్నీ ఒకటే కథ కదా, అని నవ్వేవాళ్ళు నవ్వేవారు. ఒకటే కథ. ఎవరో చస్తారు. ఎవరో ప్రమాదమంటారు. ఎవరో సంతకం పెట్టి చేతులు దులుపుకుంటారు. అప్పుడు చచ్చినవాళ్ళే వస్తారు, చెబుతారు, ఒకడు వింటాడు. లాండ్రీలో మేనేజరు వినడు. బస్సులో కండక్టరు వినడు. ఆస్పత్రి కిటికీలో గుమాస్తా సగం మాటలోనే "తర్వాతివాళ్ళు రండి" అంటాడు. రెండు చెవులూ దివ్యంగా పనిచేసే ఇంతమందిలో, ఒక చెవిటివాడు టోపీ తీసి మరీ వింటున్నాడంటే — చదవరా? అక్కాచెల్లెళ్ళు చదివారు.

అక్క చచ్చిపోయింది.

దీన్ని తిప్పితిప్పి చెప్పడానికి లేదు. ఒక శుక్రవారం సాయంత్రం ఆ మంచుగది తలుపు పడింది. శనివారం పొద్దున తెరిచారు. మధ్యలో ఏం జరిగిందో తెలిసిన మనిషి ఆ గదిలో ఉన్న మనిషే.

తర్వాత కంపెనీ నుంచి కాగితం వచ్చింది. పనివేళలో నవల చదువుతూ, తలుపు మూసే గంట మోగినా వినిపించుకోక, లోపలే ఉండిపోయినందువల్ల… స్వయంకృతాపరాధం.

ఆ మాట చదివేసరికి చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

నవల చదువుతూ! ఊపిరి వదిలితే కనురెప్పల మీద మంచు పేరుకునే గదిలో! ఆ గ్లౌజులు దిండ్లంత లావు. వాటితో మొహం మీద పడ్డ జుట్టు కూడా తోసుకోలేరు, పేజీ ఎలా తిప్పుతారయ్యా? ఇది రాసినవాడు జన్మలో ఒక్కసారైనా ఆ గదిలో అడుగుపెట్టాడా? వెచ్చటి గదిలో కూర్చుని రాసి ఉంటాడు. పక్కన టీ కప్పు కూడా ఉండే ఉంటుంది.

అయినా ఆ మంట ఒక ఎత్తు. అమ్మ నమ్మడం ఒక ఎత్తు.

"ఆ దిక్కుమాలిన పుస్తకాలే దాన్ని మింగేశాయి," అంది అమ్మ. "చేతిలో అది ఉంటే పక్కన పిడుగు పడ్డా దానికి వినపడేదా?"

వినపడేది కాదు. నిజమే. ఇంట్లో, మంచం మీద, దుప్పటి కింద. కంపెనీ అబద్ధానికి అమ్మ నోటి నుంచే సాక్ష్యం దొరికింది. అమ్మ ఇప్పుడు గోడ మీది ఫొటో వైపు చూడదు. చచ్చిపోయిన కూతురి మీద అలిగి కూర్చుంది. కార్మిక శాఖ పెట్టే విచారణలో కూడా ఆ కాగితమే నిజమని తేలితే అమ్మ ఇంక ఎప్పటికీ చూడదు. అక్క తన చావు తానే తెచ్చుకున్న మనిషిగా ఆ ఇంట్లో మిగిలిపోతుంది.

అందుకే చెల్లెలు అక్క కోసం ఎదురుచూసింది.

సిగ్గు విడిచి ఎదురుచూసింది. ఇరవై ఆరేళ్ళ మనిషి, రోజూ తెల్లవారుతుండగా కిటికీ తెరిచి, చలిగాలిలోకి ఎడమ చెవి పెట్టి… అద్దం మీద పొగమంచు కమ్మింది. చలికాలంలో అందరి కిటికీలకూ కమ్మేదే అది. వేలితో రాస్తే నీళ్ళు కారాయి. చెప్పవే అక్కా, అంది. ఎవరు చంపారో చెప్పవే. ఇప్పుడు చెప్పినా ఏమీ అనను.

యాభై మూడు రోజులు.

అక్క రాలేదు.

యాభై నాలుగో రోజు పొద్దున పదకొండింటికి కార్మిక శాఖ ఆఫీసులో విచారణ. బయట పొగమంచు ఇంకా విడలేదు. గోడవారగా ఒక పొడుగాటి బెంచీ, దాని మీద అక్కతో పనిచేసిన ఆరుగురు. ఆ చివర తూకం పిన్ని.

పెట్టెలు తూచే మనిషి కాబట్టి తూకం పిన్ని. అక్కడ అందరికీ పిన్నే. అక్కకు మరీను. తన స్వెట్టరు విప్పి అక్కకు తొడిగిన మనిషి. ఆమెకు చదువు రాదు. అందుకని మధ్యాహ్నం తిండివేళ అక్క ఆమెకు చెవిటి ఇన్‌స్పెక్టర్ కథ చెప్పేది, రోజుకింత, తడిపాదాల దగ్గర ఆపి ఏడిపిస్తూ. అక్కను తీసుకెళ్ళిన రోజు అందరికంటే గట్టిగా ఏడ్చింది పిన్నే. ఇప్పుడు చెల్లెలు లోపలికి రాగానే తన చెప్పుల వైపు చూసుకుంది.

అధికారి అడిగాడు. ఒక్కొక్కరినీ అడిగాడు.

లోపలివైపు పిడి పనిచేసేదా? తెలీదు సార్. తలుపు గడియ ఎవరు పెట్టారు? తెలీదు సార్. గంట మోగిందా?

మోగింది సార్. అది మాత్రం ఆరుగురికీ తెలుసు.

అప్పుడు కంపెనీ మేనేజరు సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కవరులోంచి పుస్తకం తీశాడు. "ఆవిడ పక్కనే దొరికింది సార్," అని బల్ల మీద పెట్టాడు.

నూట పన్నెండో పుస్తకం. ఎర్ర అట్ట. టోపీ తీసి తల తిప్పిన మామయ్య బొమ్మ.

నిండు పుస్తకం.

చెల్లెలు చూసింది. మళ్ళీ చూసింది. వెన్ను నిటారుగా ఉంది. ఎక్కడా ఒక్క మడత లేదు.

నవ్వొచ్చింది ఆమెకు. అంత మంటలోనూ, ఆ గదిలో, అందరిముందూ నవ్వొచ్చింది. కొట్టుకు వెళ్ళి కొనుక్కొచ్చారు! ఆ మనిషి ఏం చదువుతుందో కనుక్కున్నారు, ఎన్నో నంబరో కనుక్కున్నారు, శుభ్రంగా కవరులో పెట్టారు. ఎలా చదువుతుందో కనుక్కోవాలని తోచలేదు. పిన్నిని అడిగినా చెప్పేది. ఆమె రోజూ తిండి దగ్గర చూసింది సగం సగం పుస్తకాలే.

చెల్లెలు తన సంచీలోంచి తీసింది. మొదటి సగం. చిరిగిన వెన్ను, వేలాడుతున్న దారం. ఆ నిండు పుస్తకం పక్కన పెట్టింది.

"మా ఇంట్లో నిండు పుస్తకం ఉండదు సార్. ఇరవై ఏళ్ళుగా ఒక్కటీ లేదు. రెండో సగం అక్క దిండు కింద ఉంది. ఆ రోజు బస్సు తప్పుతుందని పరిగెడుతూ మర్చిపోయింది. వచ్చి చూడండి. ఇది మాది కాదు."

అధికారి రెండు పుస్తకాలనూ చూశాడు. గడియారం చూశాడు.

"బాగానే ఉందమ్మా. కానీ ఇంకో కాపీ కొనుక్కుని ఉండొచ్చుగా? పుస్తకాలు చించే అలవాటు సాక్ష్యం ఎలా అవుతుంది?"

కసురుకోలేదు. మెత్తగానే అన్నాడు. అదే ఇంకా ఒళ్ళు మండించింది.

ఆ క్షణాన ఆమెకు చెవిటి ఇన్‌స్పెక్టర్ మీద కోపం వచ్చింది.

అవును, అతని మీదే. నూట పన్నెండు పుస్తకాల్లో బతికున్నవాడు ఒక్కడూ నోరు విప్పలేదు. విప్పాల్సిన అవసరమే రాలేదు. పక్కింటివాళ్ళు చూసీ చూడనట్టు పోతారు. తోటివాళ్ళు నీళ్ళు నములుతారు. అయినా ఫరవాలేదు — చచ్చినవాళ్ళు తడి పాదాలతో నడుచుకుంటూ వస్తారు, చెప్పేస్తారు. ఆ పుస్తకాల్లో హాయి అంతా అదే. చచ్చినవాళ్ళ పని చచ్చినవాళ్ళే చూసుకుంటారు. చదివేవాళ్ళు దుప్పటి కప్పుకోవచ్చు. ఇరవై ఏళ్ళుగా ఆమె కూడా కప్పుకుంది. యాభై మూడు రోజులు కిటికీ దగ్గర నిలబడింది కానీ, ఒక్కరోజు తూకం పిన్ని గుమ్మం ఎక్కి అడగలేదు.

బెంచీ వైపు తిరిగింది.

"మా అక్క రాదు," అంది. "ఎదురుచూశాను. రాదు. చచ్చినవాళ్ళు రారు. వాళ్ళకు నోరుండదు. నోరున్నది మీకు. ఆరు నోళ్ళున్నాయి ఈ బెంచీ మీద. ఏం చేస్తున్నారు వాటితో?"

"కూర్చోండమ్మా," అన్నాడు అధికారి.

కూర్చోలేదు.

ఎవరో దగ్గారు. కిటికీ అవతల పొగమంచులో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. తూకం పిన్ని తలెత్తింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"నిజంగా రాదంటావా తల్లీ?"

"రాదు."

"నేను రోజూ భయపడి చస్తున్నా. వస్తుందని. వచ్చి అడుగుతుందని…"

"రాదు పిన్నీ."

పిన్ని ఊపిరి వదిలింది. అక్కడితో ఊరుకోవచ్చు ఆమె. హాయిగా ఇంటికి పోవచ్చు, ఏ భయమూ లేకుండా. అడిగేవాళ్ళు ఇక లేరు. మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"లోపల పిడి విరిగి మూడు నెలలైంది సార్."

మేనేజరు తలెత్తాడు.

"బాగుచేయించమని ఆ పిల్లే రెండుసార్లు అడిగింది. పళ్ళు దొంగతనంగా పోతున్నాయని, అయిదు కొట్టేసరికి గడియ పడాలన్నారు. లోపల ఎవరున్నారో చూడక్కర్లేదు, పెట్టెయ్యమన్నారు." ఆగింది. రెండు చేతులూ స్వెట్టరులోకి లాక్కుంది. "గడియ పెట్టింది నేనే సార్."

ఎవరు చంపారో.

పుస్తకాల్లో ఈ మాట దగ్గర గుండె తేలికపడుతుంది. ఇక్కడ పడలేదు. స్వెట్టరు తొడిగిన చేతులు. తిండి పంచుకున్న చేతులు. వాటిని విరిచెయ్యాలనిపించింది చెల్లెలికి. అబద్ధమెందుకు, నిజంగానే అనిపించింది. ఒక అడుగు ముందుకు వేసింది కూడా.

అప్పుడు మేనేజరు మొహం కనిపించింది.

అతని భుజాలు దిగాయి. మొహంలో రంగు వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశారుగా సార్," అన్నాడు. "ఈవిడే ఒప్పుకుంటోంది. ఇందులో కంపెనీ చేసిందేముంది?" ఇందాకటిదాకా పుస్తకం. ఇప్పుడు పిన్ని. అతనికి ఎవరో ఒకరు దొరికితే చాలు. నిండు పుస్తకాన్ని మెల్లగా కవరులోకి తోసేస్తున్నాడు.

చెల్లెలు ఆ కవరు మీద చెయ్యి పెట్టింది. గట్టిగా పెట్టింది.

అధికారి కలం మూత తీశాడు. "అయితే రాసుకుంటాను. గడియ పెట్టింది…"

"రాయండి," అంది. "పిన్ని పెట్టిందని రాయండి సార్. నేను ఆపను. దాని కింద ఇంకొకటి రాయండి. పిడి విరిగిందని తెలిసీ, చూడక్కర్లేదు పెట్టెయ్యమన్నది ఎవరో… అది కూడా రాయండి. మా అమ్మకు చదివి వినిపించాలి."

పిన్ని చెయ్యి స్వెట్టరులోంచి బయటికి వచ్చింది. వేలు మేనేజరు వైపు లేచింది.

కలం మొదటి వాక్యం రాసింది. చుక్క పెట్టింది. రెండో వరుసకు వచ్చింది.

ఆగింది.

అధికారి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కిటికీ వైపు చూశాడు. పిన్ని వేలు దించలేదు. బెంచీ మీద మిగిలిన అయిదుగురూ ఆ కాగితాన్నే చూస్తున్నారు.

చెల్లెలు రెండు అరచేతులూ బల్లకు ఆనించింది. చెక్క చల్లగా ఉంది. ఆ కలం కదిలేదాకా ఆమె అక్కడినుంచి కదిలేది లేదు.