ఉయ్యాల మీది ముఖచిత్రం

ఇడ్లీరేకులు తోముతుంటే హాల్లోంచి ఫణిభూషణ్ చల్లగా చెప్పాడు. "అటక ఖాళీ చేయించాను హైమా. నీ పాత పుస్తకాలన్నీ తుక్కు కొనే మల్లేశం ఆటోలో వేసుకుపోయాడు."

హైమవతి చేతిలో పీచు ఆగిపోయింది. అవి పాత వారపత్రికలు. చేత్తో గీసిన ముఖచిత్రాల కోసం మేడ్చల్ సంతల్లో, పాత పుస్తకాల బండ్ల మీద ఏళ్లతరబడి ఏరుకొచ్చినవి. "మా ఆవిడ పుణ్యమా అని కొంప గోదామైంది" అని ఆయన నలుగురిలో నవ్వేవాడు. ఆయనగారు షటిల్ ఆటలో గెలిచిన కప్పులు మాత్రం అద్దాల బీరువాలో వెలుగుతుంటాయి. వాటి దుమ్ము దులిపేదీ తనే.

పోతే పోనీ అనుకోవడానికి మనసొప్పలేదు. ఏ ముఖచిత్రం చూసినా ఆడదాని చేతిలో బిందో, దీపమో, పూలదండో. ఒక్కదాని మీదే ఒకామె ఉయ్యాల మీద కాళ్లు పైకి పెట్టుకుని హాయిగా చదువుకుంటోంది. ఆ బొమ్మ చూసినప్పుడల్లా హైమకు ఊపిరాడేది.

"ఆ చెత్తకి ఏడుపేంటే? మేం పత్రికల్లో సీరియళ్లు చింపి కుట్టుకుని, అట్టలు అవతల పారేసేవాళ్లం" అంది అత్తగారు కామేశ్వరమ్మ. అందుకే కదా ఇప్పుడు అట్టలు దొరకనిది, అనుకుంది హైమ.

అంట్లు సింకులోనే వదిలేసి, హైమ స్కూటీ తీసింది. పెళ్లయ్యాక పని సగంలో వదిలి గడప దాటడం అదే మొదలు.

జవహర్‌నగర్‌లో మల్లేశం తుక్కు దుకాణం ముందు అతని భార్య సాలమ్మ కాగితాలు ఏరుతోంది. హైమ పత్రికల సంగతి అడగ్గానే పక్కనున్న సంచి తెరిచింది.

"గివేనా అక్కా? బొమ్మలు మస్తుగున్నయని సంచిల దాసిపెట్టిన. గీ ఉయ్యాలామెను జూడు, ఎంత నిమ్మళంగ కూసున్నదో! మనకెప్పుడు గా నిమ్మళం?"

ఆ సంచితో ఇంటికొచ్చి హైమ బీరువాలోని కప్పులన్నీ తీసి మంచం మీద పెట్టింది. వాటి చోట పత్రికలు నిలబెట్టింది, నడుమ ఉయ్యాలామె.

"నా కప్పులు?" ఫణిభూషణ్ తెల్లబోయాడు.

"అటక ఖాళీగానే ఉందిగా."

కామేశ్వరమ్మ కళ్లజోడు సవరించుకుని బీరువా దగ్గరికొచ్చింది. చాలాసేపు చూసింది. "ఈ అట్ట నా దగ్గరా ఉండేది. ఆడది ఇలా కూర్చుంటే కొంప గుల్లేనన్నారు మీ మామగారు. పొయ్యిలో పెట్టేశాను" అంది.

హైమ సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని ఒక పత్రిక తెరిచింది.

"కాఫీ ఏదీ?" అన్నాడు ఫణిభూషణ్.

"చదువుకుంటున్నాను. మీరు పెట్టుకుంటే నాకూ ఒక గ్లాసు ఇవ్వండి."

న్యాయం చెప్పమన్నట్టు ఆయన తల్లి వంక చూశాడు. కామేశ్వరమ్మ వచ్చి కోడలి పక్కన కాళ్లు బారజాపుకుని కూర్చుంది.

"నాకు పంచదార తక్కువ, ఫణీ."