కెపాసిటర్ల పెట్టె మీది అట్ట

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నాకు అరవై నాలుగో ఏట వచ్చాయి. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

నా భర్త అబ్దోన్ పుంతా లగార్తా రేవులో, మంచు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నేను అక్కడే ఊడ్చేదాన్ని. మోటార్లు అక్కరకు మించి కరెంటు లాగుతున్నాయని, వాళ్ల భాషలో పవర్ ఫ్యాక్టర్ తక్కువని, కరెంటు వాళ్లు యజమాని దోన్ లిసాండ్రోకి జరిమానా వేస్తుంటే, అబ్దోన్ కెపాసిటర్లు పెట్టించాడు. బీరువా అంత ఇనుప పెట్టె. అదేమిటని అడిగితే ఒడ్డుకు లాగుతున్న పడవను చూపించాడు.

"కింద దుంగలు చూశావా? వెనక నుంచి తీసి ముందు వేస్తూనే ఉంటారు. అవి పడవను లాగవు, కానీ అవి లేకపోతే పడవ కదలదు. మోటారుకీ అలాంటి కరెంటు కావాలి, ఊరికే వచ్చి పోయేది. దాన్ని అంత దూరం పియురా పట్నం నుంచి మోసుకురావడం ఎందుకు? దుంగలు పడవ పక్కనే ఉంచుకుంటే సరి. ఆ దుంగలే ఈ పెట్టె."

"మరి పడవ లేనప్పుడో?"

"అప్పుడూ విసురుతూనే ఉంటే ఊళ్లో వాళ్ల గుమ్మాల మీద పడతాయి. వోల్టేజీ పెరిగి సామాన్లు కాలిపోతాయి. అందుకే మోటార్లతో పాటు దీన్నీ ఆపాలి."

ఏడాదిలో మోటార్లన్నీ ఆగేది జాలర్లను కాచే సాన్ పెద్రో పండగ ఒక్కదానికే. ఆ రోజు ఎవరూ వేటకు పోరు. ఆ ఏడు విగ్రహం మోసేవాళ్లలో అబ్దోన్‌కీ చోటు దొరికింది. మోటార్లు ఆపే పని కొత్తగా వచ్చిన నెఫ్తాలీకి అప్పజెప్పి, "పెట్టె తలుపుకి అట్ట కట్టాను. అందులో రాసినట్టు చెయ్యి" అన్నాడట. ఈ మాట నాకు తర్వాత తెలిసింది.

పండగ ముందు రోజు దోన్ లిసాండ్రో ముక్కు చిట్లించాడు. "ఎర్మెలిందా, రేపు ఫ్యాక్టరీ చూడ్డానికి చుట్టాలొస్తున్నారు. ఈ జిడ్డు కాగితాలేంటి, చేపల బజారులా? అన్నీ పీకెయ్."

గోడల మీదివీ తలుపుల మీదివీ పీకేశాను. పాత క్యాలెండర్లు, రసీదులు, ఎర్ర గీతలున్న మందపాటి అట్ట. చదవడం రాని నాకు అన్నీ ఒకటే. అట్ట మాత్రం పారేయబుద్ధి కాలేదు. అబ్దోన్ పండగ బూట్ల అడుగులు అరిగిపోయాయి. పాదం కొలతకు కత్తిరించి రెండింటిలోనూ పరిచాను.

మర్నాడు విగ్రహం పడవలో సముద్రం మీద ఊరేగి తిరిగొచ్చేసరికి వీధంతా కాలిన వాసన. పద్నాలుగు ఇళ్లలో ఫ్రిజ్‌లూ టీవీలూ పోయాయి. పక్కింటి దోమితిలా నడివీధిలో నిలబడింది.

"ఏమయ్యా అబ్దోన్, సాన్ పెద్రోని భుజానేసుకుని మా కొంపలు కాల్చావా!"

"అట్ట కట్టాను. ఎర్ర పెన్సిల్‌తో ఇంతింత అక్షరాలు రాశాను."

"ఏ అట్ట అన్నా?" అన్నాడు నెఫ్తాలీ. "తలుపు మీద బల్లి తప్ప ఏమీ లేదు."

జనం నవ్వారు.

"మరిచిపోయానని ఒప్పుకో. అబద్ధాలెందుకు?" అని దోన్ లిసాండ్రో అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు.

ఎర్ర పెన్సిల్ అనగానే నేను కత్తిరించిన అట్ట గుర్తొచ్చింది. ఒక్క మాట చెబితే ఆయన పేరు నిలిచేది. వీధంతా నా మీద పడుతుందని భయపడ్డాను. ఆ రాత్రి ఆయన బూట్లు విప్పి పడుకున్నాక ఎడమ బూటులోని అట్ట పొయ్యిలో పెట్టాను. కుడి బూటులో లేదు. ఊరేగింపులో జారిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత పదమూడేళ్లు ఊరంతా ఆయన్ని అట్ట అబ్దోన్ అని వెక్కిరించింది. ఫ్యూజు వేయడానికి కూడా ఎవరూ పిలవలేదు. వలలు బాగుచేసి బతికాడు. అట్ట మాట నా దగ్గర మళ్లీ ఎత్తలేదు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన పోయాక పనిముట్ల పెట్టె తెరిచాను. అడుగున, గుడ్డలో చుట్టి, కుడి పాదం ఆకారంలో అట్ట ముక్క. ఎవరి చేతా చదివించే మొహం లేక పెద్దల బడిలో చేరాను. ఏడాదికి చదవగలిగాను: "ఆగాక ఈ మీట దించు. మరవకు."

బూట్లు విప్పిన రోజే ఆయనకు తెలుసు. వీధిలో అది చూపిస్తే చాలు, తన పేరు దక్కేది. చూపించలేదు. నేను చెప్పలేదు. పదమూడేళ్లు ఎదురెదురుగా కూర్చుని చేప తిన్నాం.

అదే ప్రేమంటే అని బడి టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. నాకలా అనిపించదు. ఒక్కసారి నన్ను తిట్టి ఉంటే ఆ రోజే వీధిలోకి వెళ్లి చెప్పేసేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా పోయాడు.

ఎర్మెలిందా చుంగా, అరవై ఆరేళ్లు. ఇప్పుడు పియురాలో, చెల్లెలి కూతురి ఇంట్లో ఉంటున్నాను.