ఇది ఇల్లా, సత్రమా?

పెళ్లయి ఈ ఇంటికొచ్చాక నాకంటూ ఒక గది దక్కలేదు. హాల్లో ఒక మూల దుప్పటి అడ్డం కట్టుకున్నాం. దానికి అవతల మామగారి గురక, ఇవతల మేమిద్దరం. మేడ మీద గది కట్టించింది అందుకే. గోడలు లేచాయి, తలుపు వచ్చింది, దానికి లోపలి గడియ నేనే దగ్గరుండి బిగించుకున్నాను. ఇక మిగిలిందల్లా మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ఈ ఇంటిని "నివాసం" అని రాసి సంతకం పెట్టడం. అది లేనిదే పైకి చేరకూడదట.

అడుగుకోసారి టేపు తీస్తున్నారని ఆయనకు టేపుగారని పేరు పెట్టేశాం. కిటికీలు కొలిచారు, మెట్ల వెడల్పు కొలిచారు, దారికడ్డంగా పడుకున్న పిల్లిని కూడా కొలిచినంత పని చేశారు. కట్టడం ఎంత బాగుందన్నది కాదట, అందులో జనం ఏం చేస్తారన్నది లెక్కట. కుటుంబం ఉంటే ఒక తరగతి, అంగడి పెడితే ఒకటి, సరుకు దాస్తే ఇంకొకటి. దాన్ని బట్టే మెట్లూ తలుపులూ ఎన్నుండాలో తేలుతుంది.

ఆయన కాగితం మీద "ని" అని రాశారో లేదో, మా మరిది స్నేహితుల దండుని వెంటేసుకుని బురద కాళ్లతో లోపలికొచ్చాడు.

"వేళాపాళా లేకుండా ఎవరు పడితే వాళ్లు! ఇది ఇల్లా, సత్రమా?" వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు.

టేపుగారి పెన్ను ఆగింది. "సత్రం కూడా నడుపుతున్నారా?"

"అబ్బే, ఊరికే అలా అంటుందండీ," అని మామగారు సర్దబోయారు. "మొన్న సంత అంది. నిన్న గోదాం అంది."

మామగారు నోరు విప్పకుండా ఉంటే సగం పనులు వాటంతటవే అవుతాయి.

"సంతయితే వ్యాపారం. గోదామైతే నిల్వ. సత్రమే అయితే మాత్రం రెండో మెట్లదారి ఉండాలండీ," అన్నారు టేపుగారు. చుట్టూ చూసి, "ఆ కొత్త గది తీసేస్తే సరిగ్గా పడుతుంది," అని దారి కూడా చూపించారు.

మళ్లీ ఆ దుప్పటేనా! ఏడుపొచ్చింది. దానికన్నా ముందు కోపమొచ్చింది.

"అత్తయ్యా! మీ నోటి పుణ్యమా అని నా గది మెట్లయిపోతోంది, వచ్చి చెప్పండి!"

అత్తగారు గరిటెతో సహా వచ్చారు.

"ఇక్కడ ఉండేవాళ్లు అద్దె ఇస్తారామ్మా?" అడిగారు టేపుగారు.

"అద్దె కూడానా! తిన్న కంచం తీసే దిక్కు లేదు!"

"వేళకి వస్తారా?"

"రమ్మన్నప్పుడు రారు, వచ్చాక కదలరు. పైగా కూరలో ఉప్పు తక్కువని వంకలు."

"మరి మీరెప్పుడైనా పొమ్మన్నారా?"

అత్తగారు తెల్లబోయారు. "ఎక్కడికి పొమ్మంటానండీ? నా వాళ్లేగా!"

టేపుగారు "ని" పక్కన మిగతా అక్షరాలు పూర్తిచేసి, సంతకం పెట్టి, టేపు చుట్టుకున్నారు. సంతోషం పట్టలేక నేను గరిటెతో సహా అత్తగారిని వాటేసుకున్నాను.

ఆయన గేటు దాటగానే పరుపు పైకెక్కించాం. నేను గడియ మీద చెయ్యి వేశానో లేదో, కొత్త గదిలో గాలి బాగుందంటూ మామగారు వచ్చి పరుపు మీద నడుం వాల్చారు. వెనకే మరిది, వాడి దండు, ఆఖరున పిల్లి.

"ఏమిటిది? ఇది గదా, సత్రమా?" అని గట్టిగా అరిచాను.

కిందనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "మెల్లిగా అనవే తల్లీ! ఆయనింకా వీధి మలుపు తిరగలేదు!"