కుంకుమబొట్టు పెట్టిన కీబోర్డు

ఆ దసరా రోజు కంప్యూటరు మూసి వచ్చాడా, తెరిచే వదిలేశాడా అన్న అనుమానం ఏడేళ్లుగా గుణశేఖర్ వెంటే తిరుగుతోంది, ఇప్పుడు కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు కోసం నిలబడి ఫోనులో ఫారం నింపుతుంటే ఎదురుగానే వచ్చి నిలబడింది, మీ పాస్‌వర్డుతో తెరిచిన కంప్యూటరును ఎప్పుడైనా అలాగే వదిలి వెళ్లారా, అవును, లేదు, రెండే గడులు, మధ్యాహ్నం పన్నెండులోగా పంపకపోతే రుషికొండ కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం ఇంకొకరిది, పెద్ద ఉద్యోగమేం కాదు, పాస్‌వర్డు మర్చిపోయినవాళ్లకు కొత్తది ఇచ్చే బల్ల, కానీ ఏడాదిన్నర అక్కడ కూర్చుంటే లోపలి గదికి, దొంగదారిన చొరబడేవాళ్లను కనిపెట్టే సైబర్ సెక్యూరిటీ గదికి దారి ఉందన్నారు, పొద్దున దీపం వత్తి సరిచేస్తూ భార్య కుసుమకుమారి, ఈ వయసులో కింద మెట్టేటండీ, అంది, అదెక్కితేనే పైది అందుతుందే, అన్నాడు, పైది ఉందని ఎవులు సూసొచ్చారేటి, అంది.

ఆ రోజు తను పనిచేసే ఇనుము స్టాక్‌యార్డులో ఆయుధపూజ, క్రేనుకీ కాటాకీ తన కీబోర్డుకీ బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టాక మర్నాటిదాకా దేన్నీ ముట్టుకోకూడదు, యార్డులో అందరూ పాటించేదే, తెర మీద తన పేరు వెలుగుతూనే ఉందా, మూయాలంటే ముట్టుకోవాలి కదా, అమ్మవారు వద్దన్నది పనినా, తలుపు వేయడాన్నా, ఎవరిని అడుగుతాడు, ఆ సాయంత్రమే ఎవరో తన పేరుతో గేటుపాసు తీసి ఒక లారీ ఇనుము దాటించేశారు, కాగితం చూసి గేటు తీసిన కాపలా పోలిరాజును పట్టుకున్నారు, నువ్వు మూసే వెళ్లావా, అని మేనేజరు అడిగితే, మూసే వెళ్లానండీ, అన్నాడు, ఆ ఒక్క మాటతో పోలిరాజు పాస్‌వర్డు దొంగ అయ్యాడు, పని పోయింది.

రోడ్డుకు అవతల పంచర్ల కొట్టు ముందు పోలిరాజు ట్యూబును నీళ్లతొట్లో ముంచుతున్నాడు, సన్నగా బుడగలు వస్తున్నాయి, చెరిపేశామనుకున్నది కూడా ఎక్కడో ఉంటుందండీ, అని నవ్వింది ఇంటర్వ్యూ చేసిన అమ్మాయి, ఎక్కడో అంటే ఎక్కడ, ఆ దసరా మర్నాడు పొద్దున తను కూర్చోగానే, బొట్టు చెరిగిన ఆ కీబోర్డు మీద వేలు పెట్టగానే, కంప్యూటరు పాస్‌వర్డు అడగలేదు, అడగనే లేదు, నేరుగా తెరుచుకుంది, అంటే అది అనుమానం కాదు, ఏనాడూ కాదు, తెలిసిన సంగతినే అనుమానమని పిలుచుకుంటూ రోజూ దీపం పెట్టాడు.

వేలు అవును మీద పడింది, పంపేశాడు, బస్సు వచ్చింది, వెళ్లిపోయింది, రోడ్డు దాటాడు, ఏటి బావ, బస్సొగ్గేసినావ్, అన్నాడు పోలిరాజు తలెత్తకుండా, ఆ దసరాకి నేను కంప్యూటరు మూయలేదు పోలిరాజూ, మూశానని అబద్ధం చెప్పాను, నీళ్లలో చేతులు ఆగిపోయాయి, బుడగలు మాత్రం వస్తూనే ఉన్నాయి, పోలిరాజు కొట్టు లోపలికి తిరిగి, సిట్టెమ్మా, ఇలగరా, అని పెళ్లాన్ని పిలిచాడు, ఇంకోపాలి సెప్పు బావ, సిట్టెమ్మ కూడా ఇనాల, అన్నాడు, గుణశేఖర్ ఈసారి ఆమె ముఖం చూస్తూ చెప్పాడు.