ఎర్రగొట్టం ఏరియల్

గాజుగొట్టం కొసన ఎలక్ట్రోడు అతుకుతూ, రబ్బరు పైపు పళ్ళ మధ్య కరిచిపట్టి ఊదుతున్నాడు సత్తియ్య. గుండె పెరిగింది, ఇక ఊదొద్దని డాక్టరు చెప్పి నెల కూడా కాలేదు. "ఇదొక్కటేనే" అని పొద్దున పెళ్ళాం అచ్చాయమ్మకి చెప్పి వచ్చాడు. ప్రతి పనికీ అతను చెప్పే మాటే అది.

రాజమండ్రిలో సినిమాహాళ్ళకీ బట్టలకొట్లకీ నియాన్ అక్షరాలు వంచింది ఈ బక్కపలచని మనిషే. వేళ్ళ కొసలు కాలి కాలి నున్నబడిపోయాయి. ఫ్లెక్సు బోర్డులొచ్చి పని తగ్గినా అంత దిగులు పడలేదు. అసలు బాధ వేరే. అచ్చాయమ్మకి చదువు రాదు. ఊరంతా తలెత్తి చదివిన అతని పనితనం ఆవిడకి ఉత్త రంగుల దీపం. "బావుందండి, ఎర్రగా ఉంది" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా సత్తియ్యకి ఉక్రోషం ముంచుకొచ్చేది.

అలాంటివాడి దగ్గరికి కిందటివారం ఇంజనీరింగు కాలేజీ మాష్టారు ఉదయ్‌భాస్కర్ వచ్చాడు. "అక్షరాలొద్దు సత్తియ్యగారూ, తిన్నటి గొట్టం చాలు. వెలిగినంతసేపూ లోపలి గ్యాసే రేడియోకి ఏరియల్, అదే యాంటెన్నా. ఆర్పేస్తే ఏరియలే లేదు."

"అయితే గొట్టం మాట్లాడుద్దాండి?"

"మీరు మాట్లాడితే మోసుకెళ్తుంది."

సత్తియ్య గుండె ఎగిరి గంతేసింది. మాటైతే అచ్చాయమ్మకి అర్థమవుతుంది! ఒక్కటే షరతు పెట్టాడు. అవతల వినేది మా ఆవిడే అవ్వాలండి, అన్నాడు.

పొద్దున ఊదిన గొట్టాన్ని మధ్యాహ్నం గోదావరి గట్టు పక్కన, కొట్టు మేడ మీద నిలబెట్టారు. మాష్టారు దానికి రాగిరేకు చుట్టి, రేడియో సెట్టు తగిలించి, మైకు సత్తియ్య చేతికిచ్చాడు. బటన్ నొక్కితే ఇతని మాట వెళ్తుంది, వదిలితే అవతలి మాట వస్తుంది. మాష్టారు వాకీటాకీ పట్టుకుని, అచ్చాయమ్మని వెంటబెట్టుకుని, అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరుకి పడవెక్కాడు.

కొత్త వస్తువుకి పసుపు రాయకుండా స్విచ్చి వెయ్యడం సత్తియ్య ఇంటా వంటా లేదు. గొట్టం కొసన తడిపసుపు దట్టంగా పులిమి స్విచ్చి వేశాడు. వెలగలేదు సరికదా, పసుపు మీద నీలంగా చిటపటమని నిప్పురవ్వలు పాకాయి. ఒక్క గెంతులో ఆపేశాడు. "తడిలో కరెంటు పారుద్ది కదరా, బుద్ధిలేనోడా!" అని తనని తానే తిట్టుకుని, తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ వేశాడు.

ఎర్రటి వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకి పరుగెత్తింది.

"అచ్చాయమ్మా... నేనేనే!"

"అమ్మ బాబోయ్! మాష్టారూ, ఆయనేనండి! పక్కన కూర్చున్నట్టే ఉందండి!"

సత్తియ్యకి మేడంతా గంతులెయ్యాలనిపించింది. "అది నేను చేసిన గొట్టమేనే!"

"తెలుసండి. ఇన్నాళ్ళకి మీ పనొకటి నాకర్థమైందండి."

ఆనందం పట్టలేక సత్తియ్య, "వచ్చేటప్పుడు లంక వంకాయలు తే" అన్నాడు. కుర్చీలో కూలబడ్డాడు. మైకు ఒళ్ళో ఉంది, చెయ్యి దాని మీద ఉంది.

తిరుగు పడవలో అచ్చాయమ్మ వాకీటాకీ చెవికానించుకునే ఉంది. బటన్ వదల్లేదు మనిషి, అని మాష్టారు నవ్వాడు. మేడ మీద కాకుల అరుపులు, సత్తియ్య ఆయాసం అన్నీ వినిపిస్తున్నాయి. "ఊపిరి కూడా వినపడతందండి!" అని పడవవాడికి గొప్పగా చెప్పింది. ఏటి నడుమకి వచ్చేసరికి కాకులు మాత్రమే వినిపించాయి. నిద్రపోయుంటాడు అనుకుంది.

మెట్లెక్కి వచ్చేసరికి గోడకి తల ఆన్చి ఉన్నాడు, నవ్వు మొహంతో. మాష్టారు నాడి చూసి, తల వంచుకున్నాడు. కాసేపటికి స్విచ్చి వైపు చెయ్యి చాచాడు.

"ఉంచండి మాష్టారూ" అంది అచ్చాయమ్మ, పక్కన కూలబడుతూ. "ఆయన ఇంకా ఏదైనా అంటారేమో."

సత్తియ్య ఒళ్ళో, చల్లబడుతున్న చెయ్యి బరువు కింద, మైకు బటన్ ఇంకా నొక్కే ఉంది.