కత్తి పక్కన గెంతేవాళ్లు

తెల్లారినప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. రాళ్లపొయ్యిలో చేమదుంపలు ఉడికాయేమో చూద్దామని వెళ్లి, చూడకుండానే తిరిగొచ్చాను. పరిచిన చాపనే మళ్లీ మళ్లీ సర్దాను. పక్క దీవి అతిథులు ఇంకా రేవు దాటలేదట. వస్తే భయం, రాకపోతే విసుగు.

వాళ్లకు కానుకలు మోసుకెళ్లే ఊరేగింపు ముందు మా అన్న కూతురు లూపే కత్తి తిప్పాలి. ఆ కాసేపు ఊరి పరువంతా దాని చేతిలోనే ఉంటుంది. కత్తేమో చనిపోయిన వాళ్లమ్మది. కొసన కొక్కెం, వీపున రంపంపళ్లు ఉన్న పాత ఇనుప నిఫో ఓటి, మా దీవుల యుద్ధపు కత్తి. హోటళ్లలో మంట పెట్టి తిప్పే తేలిక కత్తి తీసుకోవే అంటే వినలేదు.

మా అన్న ఊరి పెద్ద. పొద్దున్నే లూపేని పిలిచి తేల్చి చెప్పేశాడు.

"జారిందంటే ఇక ఆ కత్తి నీది కాదమ్మా. మీ బాబాయి కూతురికి ఇచ్చేస్తా. అది ఎప్పట్నుంచో కాచుక్కూర్చుంది."

"జారదు నాన్నా," అంది లూపే.

ఒళ్లు నిగనిగలాడాలని దానికి కొబ్బరినూనె రాస్తుంటే అరిచింది.

"అత్తా, చేతులకొద్దు!"

"నాకు చెప్తావేమే? నువ్వు పుట్టకముందే మీ అమ్మకి రాశాను," అంటూ దాని అరచేతులు ఇసుకతో తోమాను. భుజాల మీది నూనె ఎండకి కిందికి కారుతుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

నా అసలు బెంగ వేరే. కత్తి తిప్పే పిల్ల పక్కన కోతిగెంతులు గెంతేవాళ్లు ఉండాలి. వాళ్లెంత వికారంగా గెంతితే పిల్ల అంత హుందాగా కనిపిస్తుంది. మా ఊళ్లో ఆ పని నా మొగుడు పెనియామినాది. కిందటిసారి గెంతి గెంతి పాస్టరుగారి పంది మాంసం పళ్లెంలో కూలబడ్డాడు. చర్చిలో ముందు వరసన కూర్చునే దాన్ని నేను, నెల్లాళ్లు తలెత్తలేకపోయాను. అందుకే నిన్న చర్చి మెట్ల మీద నిలబెట్టి ఒట్టు వేయించుకున్నాను.

"సరేనే, గెంతను. చెట్టులా కూర్చుంటా, సరేనా?" అన్నాడు.

"చెట్టయినా గాలికి ఊగుతుంది. నువ్వు ఊగావంటే చూడు!"

మధ్యాహ్నానికి అతిథులు వచ్చి మైదానం అవతల పందిట్లో కూర్చున్నారు. డప్పులు మోగాయి. నెత్తిన ఎత్తైన కిరీటంతో, నడుముకి చుట్టుకున్న మెత్తటి నేతచాపతో లూపే కదిలింది. వెనక ఊరంతా చాపలూ పందులూ మోస్తూ నడిచింది. కత్తి దాని చుట్టూ గిర్రున తిరిగింది, పైకెగిరింది, చేతిలో వాలింది. అతిథుల ఆడవాళ్లు విసనకర్రలు ఆపేశారు. నా ఊపిరీ ఆగింది.

మళ్లీ విసిరింది. ఈసారి చేతిలో వాలిన కత్తి, నూనె తగిలి, సర్రున జారి గడ్డిలో పడింది.

డప్పు తడబడింది. కత్తి పట్టిన పిల్ల వంగకూడదు, వంగితే ఊరు వంగినట్టే. లూపే ఖాళీ చేయి అలాగే చాచి నిలబడిపోయింది. పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. మా అన్న మొహం నల్లబడింది.

నేను నా మొగుడి వైపు తిరిగి చేతులూపాను. లేవయ్యా, గెంతవయ్యా! ఆ మహానుభావుడు గడ్డం ఎత్తి ఆకాశం చూస్తున్నాడు. చెట్టు!

ఏడుపొచ్చింది. కోపమొచ్చింది. ఆ తర్వాత ఏమొచ్చిందో నాకే తెలీదు. కోడిలా కూస్తూ మైదానంలోకి ఉరికాను. కత్తి ఎత్తి తిప్పబోతే దాని పిడి నా వీపుకే తగిలింది. "చచ్చాన్రోయ్!" అని అరిచి, ఒంటికాలి మీద తిరిగి తిరిగి అతిథుల ఊరిపెద్ద కాళ్ల ముందు బొక్కబోర్లా పడ్డాను. కొప్పూడింది. ఆదివారం వేసుకునే నా తెల్ల గౌను మట్టి కొట్టుకుపోయింది. పందిరంతా పగలబడి నవ్వింది. కత్తి పడింది నేను ఎత్తడానికే అనుకున్నారు వాళ్లు.

పాక్కుంటూ వెళ్లి, రెండు చేతులా కత్తి లూపేకి అందించాను. అది చేయి నడుముకి తుడుచుకుంది. నడుముకి చుట్టిన నేతచాపకి నూనె అంటలేదు. ఈసారి కొబ్బరిచెట్టంత ఎత్తుకి విసిరి, నా నెత్తిమీదుగా వచ్చిన కత్తిని చూడకుండా పట్టేసింది.

సాయంత్రం భోజనాల దగ్గర మా అన్న ఆ కత్తిని గుడ్డలో చుట్టి కూతురి ఒళ్లో పెట్టాడు. లూపే నా పక్కకి జరిగింది.

"అత్తా, ఇంకోసారి కూడా నా పక్కన గెంతుతావా?"

"నాకెందుకే ఆ తలవంపులు! మీ మావయ్య లేడూ?"

పెనియామినా సీమపనస ముక్క నములుతూ తల అడ్డంగా ఊపాడు.

"నావల్ల కాదమ్మా. చర్చి మెట్ల మీద ఒట్టేశాను."

ఆ ఒట్టు ఆయన ఇప్పటికీ తప్పలేదు. గెంతుతున్నది నేనే.