తొమ్మిది నియమములు

గ్రీష్మతాపమున బీటలువారిన ధరణీతలమును తొలకరి జల్లులు చల్లార్చి వారము దినములైనను గడవకమున్నే నభోమండలమెల్ల మరల కాటుక పులుముకొనిన యట్టులై ఎడతెగని జలధారలు పాఠశాల రేకుల కప్పుపై మృదంగధ్వని సలుపుచుండ, వరండాలయందు తడిసిన పుస్తకముల వాసనయు బురదకాళ్ల గురుతులును వ్యాపించియున్న శుక్రవారపు అపరాహ్ణవేళ, కంప్యూటరు గదిలో విశాలాక్షి యను ఉపాధ్యాయిని నుదురు పట్టుకొని కూర్చుండి యుండెను.

ఆమె విసుగు నిష్కారణము కాదు. అంతర్జాలమును జాగరూకతతో వాడుకొనుటకై తొమ్మిది నియమములను ముత్యములవంటి అక్షరములతో స్వహస్తమున వ్రాసి గోడకంటించి యేడాదియైనది. పాస్‌వర్డు నెవరికిని తెలుపరాదనునది మొదటి నియమము. పదవ తరగతివారు దానిని మరచిపోకుండుటకై కంపాసు ముల్లుతో బల్లపై చెక్కిరి. ఆమె దానిని మార్చిన మరునాడు క్రొత్తదానిని పాతదాని ప్రక్కనే మరింత లోతుగా చెక్కిరి. తెలియని లింకులను నొక్కరాదనునది రెండవ నియమము. ఉచితముగా ఫోను లభించునన్న లింకును ఆ పాఠశాలలో మొట్టమొదట నొక్కినది విద్యార్థి కాదు, ప్రధానోపాధ్యాయులైన పురుషోత్తమరావుగారు. ఆయన దానిని ఉపాధ్యాయుల గ్రూపులోనికి సైతము పంపి తదనంతరము, ఈ నియమములను ప్రార్థనాసమయమున ప్రతిజ్ఞగా చదివింపవలసినదని ఆమెకే హితవు చెప్పిరి. నాటినుండి నాలుగువందల కంఠములు ప్రతిదినమును వానిని ఎక్కములవలె వల్లించుచు, వల్లించుట ముగిసిన మరుక్షణమునుండి యథేచ్ఛగా ఉల్లంఘించుచుండెను.

బడి విడిచిన పిదప ఆమె యంత్రముల నొక్కొక్కటిగా ఆపుచు వచ్చి ఐదవదానియొద్ద నిలిచిపోయెను. ఎవరో తమ ఖాతాను మూయకయే వెడలిపోయిరి. ఎన్నిసారులు చెప్పినను ఇంతేకదా యని పండ్లు కొరుకుచు మూయబోయిన ఆమె కన్నులు తెరపైనున్న వాక్యముపై బడి కదలకుండెను.

“రేపు నాలుగింటికి బస్‌స్టాండుకి ఒక్కదానివే రా. మొదటి బహుమతి నీదే. ఇంట్లో చెప్పకు, చెబితే పంపరు.”

ఆ ఖాతా తొమ్మిదవ తరగతి చదువుచున్న ఇందుజది. చిత్రలేఖనమున నేర్పరియు మితభాషిణియునగు ఆ బాలికకు చిత్రకళాపోటీల నిర్వాహకురాలనని చెప్పుకొనిన యెవతెయో ఆ సందేశము పంపెను. దాని పైభాగమున పదునైదు దినముల సంభాషణయుండెను. అందు ఇందుజ ఛాయాచిత్రమును, ఇంటి చిరునామాయును, తల్లి కుట్టుపనినుండి మరలివచ్చు వేళయును కలవు.

మరచిన గొడుగుకై ఇందుజ అంతలోనే తిరిగివచ్చెను.

“ఎవరీమె?” అని విశాలాక్షి తెర చూపెను.

“పోటీలు పెట్టే అక్క, మేడమ్.”

“ఎప్పుడైనా చూశావా ఆమెని?”

“లేదు.”

“మూడో నియమం చెప్పు.”

ఆ బాలిక తల వంచుకొని అపరిచితులకు స్వవిషయములు తెలుపరాదను మూడవదానినే కాక తొమ్మిదింటిని ఒక్క అక్షరమైన తప్పక అప్పగించెను. అది విని విశాలాక్షికి శాంతి కలుగుటకు మారు క్రోధము రెట్టింపాయెను.

“అన్నీ వచ్చు. మరి ఎందుకు చేశావు?”

ఇందుజ గొడుగు పిడిని త్రిప్పుచు మెల్లగా పలికెను. “అడ్రసు ఇచ్చాక నాకే భయమేసింది మేడమ్. మీతో చెబుదామని సోమవారం వచ్చాను. అప్పుడు మీరు బల్ల చెక్కినవాళ్లని తిడుతున్నారు. మీకు ఎన్నిసార్లు చెప్పినా ఇంతే, మీ ఖర్మ అన్నారు. గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయాను.”

అంతవరకు ఊరిమీదను బడిమీదను పెద్దలమీదను పిల్లలమీదను ప్రసరించుచుండిన ఆమె విసుగంతయు ఆ మాటతో వెనుకకు మరలి తనపైననే వచ్చి పడెను. తప్పు చేసిన తరువాత ఏమి చేయవలెనో తాను వ్రాసిన తొమ్మిదింటిలో ఒక్కటియైనను చెప్పదు గదా యని ఆమె తలపోసెను.

బాలిక సిగ్గుతో ఆ సందేశములను చెరిపివేయబోగా ఆమె చేయి పట్టుకొనెను. “తుడవకు తల్లీ. ఇవే మనకి సాక్ష్యం. నువ్వు చెప్పావు, అది చాలు.”

వానిని అచ్చుతీసికొని ఆమె ప్రధానోపాధ్యాయుని గదికి నడచెను. ఆయన కళ్లజోడు తుడుచుకొని, “బడి పేరు బయట పడుతుందేమోనమ్మా. సోమవారం తీరిగ్గా ఆలోచిద్దాం,” అనిరి.

“సోమవారానికి శనివారం అయిపోతుంది సార్,” అని బదులిచ్చి, ఆమె ఇందుజను తోడుకొని, కుట్టుదుకాణమునుండి ఆ బాలిక తల్లిని కూడ వెంటబెట్టుకొని ఆ వానలోనే పోలీసు ఠాణాకు పోయెను. ఆ తల్లి దారిపొడవునను కూతురిని తిట్టక ఆ పిల్ల చేతిని మాత్రము విడువకుండెను.

మరునాడు నాలుగు గంటలకు ఇందుజ ఇంటిలో తల్లి చెంతనే యుండెను. బస్‌స్టాండున సామాన్యవస్త్రములు ధరించి కాచియున్న మహిళా ఎస్సైకి అక్క యెవ్వతెయు కనబడలేదు. రంగుల పెట్టెను చంకనిడుకొని నలుబదియేండ్ల పురుషుడొకడు గడియారము చూచుకొనుచు నిలిచియుండెను. వాని ఫోనులో మరి యైదుగురు బాలికల పేర్లును ఇట్టి సందేశములును దొరికెను.

సోమవారము విశాలాక్షి తన బల్ల ప్రక్కన ఒక ఖాళీ కుర్చీ వేసి, తప్పు చేసినవారెవరైనను వచ్చి చెప్పవచ్చుననియు తిట్టననియు తరగతి తరగతికిని చెప్పెను. మూడు దినములు ఎవరును రాలేదు. నాలుగవనాడు ఎనిమిదవ తరగతి పిల్ల యొకతె గుమ్మమున తటపటాయించి, అమ్మ ఫోనునుండి తానెవరికో ఓటీపీ చెప్పితినని గొణిగెను. ఎన్నిసారులు చెప్పితినన్న మాట విశాలాక్షి నాలుక చివరివరకు వచ్చెను. భయపడిన బిడ్డకు బోధకంటె ముందు చోటు కావలయునని ఆమె ఇప్పుడెరుగును. ఆ మాటను మ్రింగి కుర్చీని కొంచెము దగ్గరకు లాగి, “కూర్చో, మొదటినుంచి చెప్పు,” అనెను.